రెండద్దాల మధ్య కుర్చీ

మార్చి 4

తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు, నాన్న బాగానే ఉన్నాడు. అంటే తింటున్నాడు, స్నానానికి పేచీ పెట్టడం లేదు. ఫోన్ చేయొచ్చు కదా, ఈ ఉత్తరమేమిటని విసుక్కుంటావని తెలుసు. మాది రెండు గదుల ఇల్లు. ఏ మూల నిలబడి మాట్లాడినా ఆయనకి వినబడుతుంది. ఫోన్లో నీ గొంతు చెవిన పడితే చాలు, చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి మన కటింగ్ షాపుకి పదమంటాడు. కొన్నాళ్ళు ఇలాగే రాసుకుందాం. నీ చేతిరాత ఎంత ఘోరమైనా నేను ఓర్చుకుంటాను.

పగలంతా నెమ్మదిగా ఉండే మనిషి సాయంత్రమయ్యేసరికి మారిపోతున్నాడు. "షాపులో ఎవరున్నారు?" అని మొదలుపెడతాడు. ఎవరూ లేరు నాన్నా, మూసేశారు, నువ్వు హాయిగా పడుకో అంటాను. దాంతో ఇంకా ఎక్కువవుతుంది. గోడలు తడుముకుంటూ తలుపు వెతుకుతాడు. ఆఫీసు నుంచి వచ్చి కాసేపు నడుం వాల్చే యోగం నాకు లేదు. మీ బావ వారంలో సగం రోజులు వ్యాన్ మీదే ఉంటాడు, ఉన్న రోజున కూడా నిద్రమొహమే.

నాకో ఆలోచన వచ్చింది. మా ఫ్లెక్సీ ప్రింటింగ్ ఆఫీసులో పొద్దస్తమానం ఎవరెవరి మొహాలో గోడంత చేసి ప్రింటు కొడుతుంటాం. మన షాపునే ఒక పొడుగాటి ఫొటోగా ప్రింటు కొట్టి నాన్న మంచం చుట్టూ మూడు గోడలకీ అంటిస్తే? కళ్ళు తెరిస్తే ఆయనకి షాపే కనబడాలి.

పార్సిల్లో మా ఆఫీసు పాత కెమెరా పెట్టాను. మామూలు డిజిటల్ కెమెరా, నొక్కితే పడుతుంది. నీ ఫోన్ వద్దు, దాని మూతి పగిలి ఏడాదైంది. షాపు మొత్తం ఒక్క ఫొటోలో పట్టదు కాబట్టి ముక్కలుగా తియ్యాలి. ఆ ముక్కల్ని కంప్యూటర్లో నేను అతుకుతాను. పనోరమా అంటారు దాన్ని. నాన్న నిలబడే చోట, కుర్చీ వెనక నిలబడు. కెమెరా నిలువుగా పట్టుకో. జూమ్ ముట్టుకోకు. ఒకటి తీసి కొంచెం తిరిగి ఇంకోటి తియ్యి. ప్రతి ఫొటోలోనూ ముందు ఫొటోలో ఉన్నది మూడో వంతైనా మళ్ళీ రావాలి, లేకపోతే నాకు అతకడానికి ఏమీ దొరకదు. ట్యూబులైట్లన్నీ వెయ్యి, ఫ్లాష్ ఆపు. మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా అలా చుట్టూ తిరుగు. తరవాత లోపలున్న కార్డు తీసి పంపు.

నెలాఖరుకి బిల్డింగ్ పడగొడతారన్నావు. ఈలోపే కావాలి.

తిండి సరిగ్గా తిను.

అక్క


మార్చి 9

అక్కా,

పార్సిల్ అందింది. కెమెరా చుట్టూ నువ్వు చుట్టిన టేపు విప్పడానికే ఒక పూట పట్టింది. అదేమన్నా తప్పించుకు పారిపోతుందనుకున్నావా?

కొత్త సెలూన్లో చేరి నెల దాటింది. ఏసీ ఉంది, పాటలున్నాయి, కూర్చోవడానికి మాత్రం లేదు. గిరాకీ లేకపోయినా నిలబడే ఉండాలట, బయటి నుంచి చూసేవాళ్ళకి బాగుంటుందట. రూముకొచ్చేసరికి పిక్కలు రాళ్ళయిపోతున్నాయి. ఉన్న ఒక్క సెలవురోజూ నీ ఫొటోల కింద పోయింది. ఫిర్యాదు కాదు, చెబుతున్నానంతే.

షాపు ఎలా ఉందో చెప్పాలి కదా. నా కుర్చీ ఎప్పుడో వెళ్ళిపోయింది, నాన్న కుర్చీ ఉంది. గోడకొకటి చొప్పున ఎదురెదురుగా రెండు అద్దాలూ ఉన్నాయి. బెంచీ, రేడియో, తువ్వాళ్ళ కొక్కేలు, కింద చెక్క ఊడిన అలమారా, అన్నీ అలాగే ఉన్నాయి. పౌడరు వాసన కూడా పోలేదు. నాన్న చేతులు వణకడం మొదలై కత్తెర వదిలేశాక బెంచీ చివర కూర్చుని నన్ను కనిపెట్టుకుని ఉండేవాడు కదా, అక్కడ గోడ మీద ఆయన తల ఆనిన మరక ఉంది. అది కూడా ఫొటోలో పడాలా అని ఆలోచించి తీశాను.

నువ్వు చెప్పినట్టే చుట్టూ తిరిగి తీశాను. అద్దాల దగ్గర మాత్రం కొంచెం అటూ ఇటూ జరగాల్సి వచ్చింది. మరీ పెద్ద తేడా ఉండదులే. కార్డు ఇందులోనే ఉంది.

నాన్న నా గురించి ఏమైనా అన్నాడా? ఊరికే అడుగుతున్నా.

నీ తమ్ముడు


మార్చి 13

ఒరేయ్,

కొంచెం అటూ ఇటూనా? నువ్వు షాపంతా షికారు చేశావు. క్యాలెండరు ఒక ఫొటోలో కుర్చీకి ఎడమపక్కన ఉంది, తరవాతి ఫొటోలో కుడిపక్కకి పోయింది. రేడియోకి రెండు తలలు వచ్చాయి. ఎంత లాగినా అలమారా అతకడం లేదు. నీ బొటనవేలు మొహం ముందు పెట్టుకుని, ఒక కన్ను మూసి, తల పక్కకి జరిపి చూడు. వేలు గోడ మీద పరుగెడుతుంది. దగ్గర వస్తువులు అంతే, మనిషి జరిగితే అవీ జరుగుతాయి. అందుకే తిరగమన్నాను గానీ కదలమనలేదు. కెమెరా ఉన్నచోటే ఉండాలి, మొహం మాత్రమే తిరగాలి.

పైన చక్రం M దగ్గర పెట్టి, వెలుతురు సర్ది పంపాను. దాన్ని నువ్వు ఆటోకి తిప్పావు. తలుపు వైపు తిరిగిన ఫొటోల్లో గది చీకటిగుహ, గోడ వైపువి పాలిపోయాయి. ఒకే షాపులో సగం అర్ధరాత్రి, సగం మిట్టమధ్యాహ్నం. ఫొటోలకి మాత్రం కొరత లేదు, తట్టెడు తీశావు.

ఒక అద్దంలో నీ మోచెయ్యి పడింది. అది తుడిచేశాను, ఇప్పుడు ఎవరూ లేరు, శుభ్రంగా ఉంది.

నువ్వు ముందునుంచీ ఇంతే. ఒక పని చెబితే పదినిమిషాలు నిలబడ్డ చోట నిలబడవు. ఇంకోసారి తీసి పంపు. కెమెరా మూతికి సరిగ్గా కింద ఒక దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదియ్యి. నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకో. నట్టు ఆ గుర్తు మీద నుంచి పక్కకి పోకూడదు. అంతే, బ్రహ్మవిద్య కాదు.

నీ పేరు ఆయన ఎత్తలేదు. పొద్దున లేస్తే షాపు, సాయంత్రమైతే షాపు. నాకు తల పగిలిపోతోంది.

అక్క


మార్చి 17

అక్కకి,

నిలబడ్డ చోట నిలబడనా నేను? సరే.

ఆ షాపులో ఎన్నేళ్ళు నిలబడ్డానో నీకు తెలుసు. నువ్వు కంప్యూటర్ కోర్సుకని వెళ్ళినప్పుడు అక్కడే నిలబడ్డాను. అమ్మ పోయినప్పుడు మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉండి, సాయంత్రం వెళ్ళి అక్కడే నిలబడ్డాను, నాన్న ఇంట్లో ఉండలేనంటే. ఆయన గడ్డం గీస్తూ గీస్తూ గిరాకీ చెంప కోసేసిన రోజున, ఆ కత్తి ఆయన చేతిలోంచి తీసుకుని నిలబడింది నేనే. నీకు ఇప్పుడు తల పగిలిపోతోంది. నాకు నాలుగేళ్ళుగా పగులుతూనే ఉంది. ఎవరికి రాయను?

ఎందుకు జరిగానో చెబుతాను విను. ఎదురెదురుగా అద్దాలున్న గదిలో కెమెరా పట్టుకుని మధ్యలో నిలబడితే ఎటు తిరిగినా నేనే కనబడుతున్నాను. ముందద్దంలో నేను, వెనకద్దంలో నేను, దాని లోపల మళ్ళీ నేను. అందుకని తప్పుకుంటూ తీశాను. ఒకసారి అలమారా చాటుకి, ఒకసారి తలుపు పక్కకి. ఒక ఫొటోకి నేల మీద గొంతుక్కూర్చున్నాను కూడా.

మీరు నాన్నని తీసుకెళ్ళిన రోజు గుర్తుంది కదా. నువ్వూ బావా వ్యాన్లో సామాను సర్దుతున్నారు. లోపల ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. ఇంకెవరు తీస్తారు? అప్పుడు ఆయన నా వైపు చూసిన చూపు నువ్వు చూడలేదు. సొంత షాపులోంచి తనని గెంటేసినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఇప్పుడు పేరు కూడా ఎత్తడం లేదన్నావు. ఎత్తడు. ఆయన మంచం చుట్టూ మూడు గోడల మీదా నా మొహం అంటిస్తావా? నాకు ఇష్టం లేదు. మోచెయ్యి తుడిచేసి మంచిపని చేశావు.

ఇంక నేను తీయను. నా వల్ల కాదు. ఓనరు తాళాలు ముందుగానే అడుగుతున్నాడు, వచ్చే మంగళవారం పాత సామాన్లవాడు వచ్చి కుర్చీ, అద్దాలు తీసుకెళ్తాడు. కెమెరా తిరిగి పంపిస్తాను.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. ఎదురుగా ఎవరిదో దుకాణం బోర్డు సగం అతికి ఉంది, దాన్ని అలాగే వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. నిద్ర లేక ఎవరిని ఏమంటున్నానో తెలియడం లేదు.

ఇప్పుడు నేను రాసేది కోపం పక్కన పెట్టి చదువు. మంగళవారం లోపే చదువు, అందుకే ఇది వ్యాన్లో బావతో పంపిస్తున్నాను.

నీ మొదటి ఫొటోల్నే ఎలాగోలా లాగి, మిగిలిపోయిన ఫ్లెక్సీ ముక్క మీద ప్రింటు కొట్టి, మొన్న పొద్దున నాన్న మంచం పక్కన అంటించాను. ఎలా ఉంటుందో చూద్దామని. ఆయన చాలాసేపు చూశాడు. రేడియో రెండు తలల్ని చూసి చెడిపోయిందా అన్నాడు. అలమారా మీద చెయ్యి వేసి నిమిరాడు. నేను సంతోషంగా ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి తలుపు తీసి ఉంది, మనిషి లేడు. కింద కొట్టు టైలరు పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టాడు, లేకపోతే రోడ్డు మీదికి వెళ్ళిపోయేవాడే. చొక్కా తిరగేసి వేసుకుని ఉన్నాడు. నన్ను చూడగానే "షాపు బార్లా తెరిచి ఉందమ్మా, లోపల ఒక్కరూ లేరు. వాణ్ణేం చేశారు?" అన్నాడు.

ఆ మెట్ల దగ్గరే నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ షాపులో ఎవరున్నారని అడిగినప్పుడల్లా నేను ఎవరూ లేరు అంటున్నాను. ఊరడిస్తున్నాననుకుని అంటున్నాను. ఆయన అడుగుతున్నది నువ్వున్నావా అని. నువ్వుంటే ఆయన నిశ్చింతగా పడుకుంటాడు. నేను రోజూ సాయంత్రం ఆయనకి నువ్వు లేవని చెప్పి పడుకోమంటున్నాను. పైగా అద్దంలో ఉన్న నీ మోచెయ్యి కూడా తుడిచేశాను.

పేరు ఎత్తలేదని రాశాను. నిజమే, ఎత్తలేదు. ఆయన నిన్ను పేరు పెట్టి ఎప్పుడు పిలిచాడురా? వ్యాన్ ఎక్కాక ఏమన్నాడో నీకు చెప్పలేదు, చెబితే ఇంకా బాధపడతావని. "ఆదివారం రద్దీ ఒక్కడే ఎలా చూసుకుంటాడు?" అన్నాడు. ఊరు దాటేదాకా అదే మాట. నిన్ను ఒంటరిగా వదిలేసి పోతున్నానని ఆయన గోల. ఆయన కుర్చీ వదలకపోవడం కూడా అందుకేనేమో. నువ్వు చూసిన చూపు నేను చూడలేదు, దాని గురించి నేనేం చెప్పను? నేను విన్నమాట నీకు చెప్పకపోవడం మాత్రం నా తెలివితక్కువతనం.

ఒక్కసారి తియ్యి. ఎక్కడికీ తప్పుకోకు. అద్దాల్లో పడు. రెండింట్లోనూ పడు.

అక్క


మార్చి 24

అక్కా,

బావ వచ్చాడు, ఉత్తరం ఇచ్చి బెంచీ మీదే గురక పెట్టి వెళ్ళాడు. సెలవు దొరకలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఎగ్గొట్టాను. అబద్ధం కూడా కాదు.

నువ్వు చెప్పిన దారం, నట్టు కట్టి చూశాను. చేతులు నొప్పెట్టి నట్టు గడియారం లోలకంలా ఊగుతోంది. విసుగొచ్చి నాన్న కుర్చీలో కూలబడ్డాను. కుర్చీ తిరిగింది. అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళు దాన్ని తిప్పినవాణ్ణి, నాకు ముందే తట్టకపోవడమేమిటి? పిల్లల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క ఉంది కదా, నువ్వు చిన్నప్పుడు దాని మీద కూర్చుని ఏడ్చేదానివి, అది వేశాను. దాని మీద పౌడరు డబ్బాల పెట్టె, పెట్టె మీద కెమెరా. కెమెరా మూతి సరిగ్గా కుర్చీ తిరిగే నడిమధ్యకి వచ్చేలా జరిపి, నీ టేపుతోనే కట్టేశాను. నీ టేపు ఈసారి పనికొచ్చింది. చక్రం M దగ్గరే ఉంచాను.

తరవాత కుర్చీ వెనక నిలబడి, గిరాకీని తిప్పినట్టే కొంచెం కొంచెం తిప్పుతూ తీశాను. అది ఎటు తిరిగితే నేను దాని వెనక్కి తిరగాలి, ఎలాగూ అలవాటే. పనికోటు వేసుకున్నాను. జేబులో దువ్వెన కూడా పెట్టుకున్నాను, అది లేకపోతే నాన్న ఊరుకోడు. నవ్వలేదు. నవ్వు రాలేదు.

సగంలో ఉండగా షట్టర్ తెరిచి ఉందని గొడుగు మాస్టారు వచ్చేశాడు. ఎండైనా వానైనా ఆ గొడుగు లేకుండా రాడు కదా. షాపు మూసేశామంటే వినడు, నాన్న చేతి కటింగ్ తరవాత నీ చేతిదే, ఇంకెక్కడికీ పోను అంటాడు. సరే, కూర్చోండి, కదలకండి, ఫొటోలు తీస్తున్నానన్నాను. బెంచీ వైపు ఒకటి తీసి కుర్చీ తిప్పేలోపు, ఆయనకి తన మొహం సరిగ్గా పడదేమోనని అనుమానం వచ్చి పక్కకి జరిగాడు. నీకు రెండు గొడుగులతో ఇద్దరు మాస్టార్లు వస్తారు. ఒకర్ని తుడిచెయ్యి. లేదా ఉంచు, నీ ఇష్టం.

అన్నీ అయ్యాక కెమెరా విప్పేసి, ఆయన్ని కూర్చోబెట్టి కటింగ్ చేశాను. ఆ కుర్చీలో అదే ఆఖరి కటింగ్. వెళ్ళేటప్పుడు నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు. షాపు గురించి అడుగుతున్నాడని చెప్పాను.

కార్డు పంపుతున్నాను. మళ్ళీ తియ్యమంటే తీయడానికి ఏమీ లేదు. సామాన్లవాడు బయట నిలబడి ఉన్నాడు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడూ,

అతికింది. ఎక్కడా ఒక్క వెంట్రుకంత తేడా లేదు. మా ఆఫీసులో అందరూ ఏ స్టాండు మీద పెట్టి తీశారని అడిగారు. కటింగ్ కుర్చీ మీద అన్నాను. నవ్వులాటకి అన్నాననుకున్నారు.

నిన్న పొద్దున నేనూ బావా కలిసి అంటించాం. తల వైపు ముందద్దం, పక్కన అలమారా, రేడియో, ఒక్క తలే, తరవాత తలుపు, కాళ్ళ వైపు వెనకద్దం, బెంచీ. పడుకుంటే ఆయనకి ఎదురుగా వెనకద్దంలో నువ్వు కనబడతావు, కుర్చీ పట్టుకుని. తల తిప్పితే ముందద్దంలోనూ నువ్వే. మాస్టార్లని ఇద్దర్నీ ఉంచాను.

నాన్న మొదట మాస్టార్నే చూశాడు. "ఈయన ఇందాకేగా చేయించుకున్నాడు, మళ్ళీ వచ్చాడేం?" అన్నాడు. తరవాత గోడ వెంబడి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చాడు. నీ దగ్గర ఆగాడు. నిన్ను చూసి నీ మీద కోపమొస్తే ఈ పాపం నాదే అవుతుందని భయపడ్డాను. ఆయన దగ్గరికి వెళ్ళి, నీ కోటు జేబు మీద వేలు పెట్టి చూశాడు. దువ్వెన ఉందో లేదోనని అనుకుంటా.

సాయంత్రమైంది. నేను తలుపు దగ్గరే కుర్చీ వేసుకు కూర్చున్నాను. అలవాటు ప్రకారం లేచి కూర్చున్నాడు. "షాపులో ఎవరున్నారు?" అన్నాడు. ఆయనే గోడ వైపు తిరిగి చూశాడు. "వాడు లోపలే ఉన్నాడుగా. షట్టర్ వేసుకుని వస్తాడులే" అన్నాడు. పడుకున్నాడు. తెల్లారేదాకా లేవలేదు. నేను కూడా లేవలేదురా. ఎన్నాళ్ళకి పడుకున్నానో.

ఇవాళ మళ్ళీ అడిగాడు, షట్టర్ వేశాడా అని. ఏమని చెప్పను? నువ్వు ఒకసారి రా. ఆయనకి నువ్వు కనబడితే బాగుంటుంది. నాకూ బాగుంటుంది.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

మొన్న బిల్డింగ్ కొట్టేశారు. సెలూన్ నుంచి వస్తూ చూశాను. షట్టర్ని చుట్టగా చుట్టి లారీ ఎక్కించారు. కాసేపు నిలబడి వచ్చేశాను, దుమ్ము ఎక్కువగా ఉంది.

ఆయన అడిగినప్పుడల్లా వేశాడని చెప్పు. రెండు తాళాలూ వేశాడని, లాగి చూశాడని చెప్పు. లాగి చూశాడన్నది మరిచిపోకు, అది చెప్పకపోతే మళ్ళీ అడుగుతాడు. రేడియో కట్టేశాడని కూడా చెప్పు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జేబు మీద వేలు పెట్టి చూశాడన్న చోట ఆగిపోతున్నాను. ఆ చూపు గురించి ఇంకా ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు. కానీ ఇవాళ కాళ్ళు కొంచెం తక్కువ నొప్పిగా ఉన్నాయి.

వచ్చే సెలవుకి వస్తాను. కత్తెర, దువ్వెన తెచ్చుకుంటాను, ఆయన జుట్టు పెరిగి ఉంటుంది, నువ్వు ఎవరి చేతా చేయించి ఉండవు. పొద్దున బండికి వచ్చి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాను. ఉండమని బలవంతం చేయకు. సాయంత్రం ఆయన అడిగే వేళకి నేను షాపులో ఉండాలి.

నీ తమ్ముడు